రోడ్డు పక్కన కూర్చుని బొమ్మలేసి బతకడం: బీచ్ రోడ్డు ఆర్టిస్టు చెప్పే లెక్కలు, కిటుకులు

మా చిన్నప్పుడు శ్రీకాకుళంలో రోడ్డు మీద ఒకాయన ఆంజనేయస్వామి బొమ్మ వేసేవాడు. ఇటుక పొడి, ముగ్గుపిండి, బొగ్గు, పసుపు, నలిపిన ఆకు. అంతే సరుకు. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా స్వామి నిలువెత్తున రోడ్డు మీద పరుచుకునేవాడు. చిల్లర మాత్రం ఆయన గీస్తున్నంతసేపే పడేది. పూర్తయిన బొమ్మని జనం చూసి, ఓ దణ్ణం పెట్టి, పక్కనుంచి నడిచిపోయేవాళ్లు. అందుకే ఆయన తోక పూర్తి చేసేవాడు కాదు. సాయంత్రం దాకా ఆ తోకనే చెరుపుతూ, వంపు మారుస్తూ, మళ్లీ దిద్దుతూ కూర్చునేవాడు.

ఈ పనిలో నాకు తెలిసినదంతా ఆ తోకలో ఉంది. బొమ్మ తయారవుతుంటే చూసినందుకే జనం డబ్బులిస్తారు. తయారైన కాగితం వాళ్లు ఇంటికి పట్టుకెళ్లే రసీదు లాంటిది. ఎక్కడ కూర్చోవాలి, స్టాండు ఎటు తిప్పాలి, ముందు ఏం గీయాలి, ఎంత అడగాలి... అన్నీ దీన్నిబట్టే తేలతాయి.

నేను బోర్డులు రాసే షాపులో పని నేర్చుకున్నాను. షట్టర్ల మీద అక్షరాలు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఎన్నికలొస్తే గుర్తులు. కింద మూలన గురువుగారి పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అని ఉండేది. ఫ్లెక్సులొచ్చాక ఆ పని రెండు మూడేళ్లలో ఊడ్చుకుపోయింది. 2011 నుంచి విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో సాయంత్రాలు కూర్చుని మనుషుల ముఖాలు వేస్తున్నాను. ఇల్లు గడుస్తోంది. ఎలా గడుస్తోందో దాచకుండా చెబుతాను. మీరుండేది హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గరైనా, విజయవాడ కృష్ణ ఒడ్డునైనా చాలావరకు ఇదే లెక్క.

మొదటి మెట్టు: పది నిమిషాల్లో పోలిక పట్టడం

ఇంట్లో వారం రోజులు కూర్చుని ఫొటోలాంటి బొమ్మ వేయగలిగినవాళ్లు రోడ్డు మీద తేలిపోవడం చూశాను. ఇక్కడ ఎదుటి మనిషి పది నిమిషాలకు మించి కదలకుండా కూర్చోడు. చిన్నపిల్లలైతే మూడు నిమిషాలు. కాబట్టి ముందు ఒక పని చేయండి. నెల రోజులపాటు రోజూ గంటసేపు మీ ఊరి ఆర్టీసీ కాంప్లెక్సుకో, రైల్వే స్టేషన్‌కో వెళ్లి, బస్సు కోసం ఎదురుచూసేవాళ్ల ముఖాలు చిన్న పుస్తకంలో వేయండి. వాళ్లు తల తిప్పేస్తారు, బస్సొస్తే లేచిపోతారు, బొమ్మ సగంలో ఆగిపోతుంది. ఆగిపోనివ్వండి. సగం బొమ్మలోనే పోలిక కనబడుతోందా లేదా అన్నదే పరీక్ష. వంద ముఖాలయ్యాక వెనక్కి తిప్పి చూసుకుంటే ఎక్కడ తప్పుతున్నారో మీకే తెలుస్తుంది.

చాలామంది తప్పు ఒక్కటే. కళ్లు పైకి వేసేస్తారు. తల నిలువులో కళ్లు దాదాపు సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. వాటిని పైకి జరిపితే నుదురు మాయమైపోయి మనిషి మొద్దుగా కనిపిస్తాడు. రెండోది, కన్ను బాగా వేయడం, ముక్కు బాగా వేయడం మీద పడి వాటి మధ్య దూరాలు వదిలేస్తారు. పోలిక ఉండేది ఆ దూరాల్లోనే. మామూలుగా రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా ఉంటుంది. ఎదుటి మనిషికి అంతకంటే ఎక్కువుందా, తక్కువుందా చూడండి. ముక్కుకీ పైపెదవికీ మధ్య ఎంతుంది? కింది పెదవి నుంచి గడ్డం దాకా ఎంత? ఈ మూడు కొలతలు పడితే షేడింగ్ అంతంతమాత్రంగా ఉన్నా ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు.

నేను వేసే వరస ఇది. మొదటి రెండు నిమిషాలు తల వంపు, మెడ, భుజాల గీత. తర్వాత వెంటనే కళ్లు. గుళ్లో విగ్రహానికి స్థపతి కళ్లు చివర్న తెరుస్తాడు, దాన్నే నేత్రోన్మీలనం అంటారు. రోడ్డు మీద మనం అందుకు తలకిందులుగా చేయాలి. వెనక నిలబడ్డ జనం కళ్ల కోసం చూస్తుంటారు. మూడో నిమిషానికి కాగితం మీద ఒక కన్ను వాళ్లని చూస్తే కాళ్లు ఆగుతాయి. ‘అచ్చం ఆయనే రా’ అని వెనక నుంచి ఎవరో అంటారు. ఆ మాట కూర్చున్నవాడి చెవిన పడితే ఇక వాడు కదలడు, బేరమూ ఆడడు. ఐదో నిమిషానికి ముక్కు, నోరు. ఎనిమిదికి జుట్టు. జుట్టు వెంట్రుక వెంట్రుకగా వేయకండి, నల్ల ముద్దగా వేసి రబ్బరుతో రెండు మెరుపులు తీస్తే చాలు. చివరి రెండు నిమిషాలు తోక దిద్దడం. అంటే బొమ్మ అయిపోయినా చొక్కా కాలరు మీదో, చెవి కమ్మ మీదో మెల్లగా చెయ్యి ఆడిస్తూ ఉండటం. తర్వాతి గిరాకీ వచ్చేది ఈ రెండు నిమిషాల్లోనే.

రెండో మెట్టు: సామాను

ఎక్కువ కొనొద్దు. మడత పెట్టే స్టాండు ఒకటి, మడత స్టూళ్లు రెండు, ప్లైవుడ్ అట్ట ఒకటి, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు, రెండు చార్‌కోల్ పెన్సిళ్లు, పిండిలా నలిగే రబ్బరు, 130 జీఎస్ఎం పైన మందమున్న కార్ట్రిడ్జ్ షీట్లు ఏ4, ఏ3 సైజుల్లో, ఛార్జింగ్ లైటు, గట్టి క్లిప్పులు ఓ ఎనిమిది. నేను చివరిసారి అన్నీ కొత్తవి కొన్నప్పుడు ఐదు వేలకు కాస్త తక్కువైంది. మీ బడ్జెట్ అంతకంటే తక్కువైతే స్టాండు మానేయండి, కాగితం దగ్గర మాత్రం వెనకాడకండి. మామూలు జిరాక్స్ పేపరు మీద వేసిన బొమ్మకి మూడొందలు అడగడానికి మీకే నోరు రాదు.

స్టూళ్లలో మంచిది గిరాకీకి ఇవ్వండి. లావుపాటి మనిషి కూర్చోగానే కిర్రుమన్న స్టూలు వల్ల నాకు ఒక సాయంత్రమంతా పోయింది. ఆయన పడలేదు, కానీ జనం నవ్వారు. ఆ తర్వాత ఎవరూ కూర్చోలేదు.

సముద్రం ఒడ్డున రెండు శత్రువులు, గాలి, తేమ. గాలికి క్లిప్పులు నాలుగు మూలలా పెట్టాలి. పైన రెండు పెట్టి ఊరుకుంటే సరిగ్గా పెదవులు వేస్తున్నప్పుడు కాగితం లేస్తుంది. తేమకి కాగితం మెత్తబడి పెన్సిలు సరిగ్గా పట్టదు. షీట్లు జిప్ కవర్లో ఉంచి, ఒక్కొక్కటే తీయండి. వేసిన బొమ్మ చెరగకుండా ఫిక్సేటివ్ స్ప్రే కొట్టాలి. ఖర్చు తగ్గుతుందని కొందరు హెయిర్ స్ప్రే కొడతారు. అప్పటికి పనిచేస్తుంది, కొన్నాళ్లకు కాగితం పచ్చబడుతుంది. బొమ్మ వెనక మన ఫోన్ నంబరు ఉంటుందని మర్చిపోకూడదు.

మూడో మెట్టు: చోటు

జనం ఎక్కువున్న చోటు మంచి చోటని మొదట్లో నేనూ అనుకున్నాను. నడుస్తూ ఎక్కడికో వెళ్లిపోయే జనం మనకు పనికిరారు. బస్టాపు ముందు, మార్కెట్ గేటు ముందు వేల మంది పోతారు, ఒక్కరూ కూర్చోరు. పని లేకుండా తిరగడానికొచ్చిన వాళ్లు కావాలి. ఐస్‌క్రీమ్ తింటున్నవాడు, పిల్లల్ని ఆడిస్తున్నవాడు, పక్కన కొత్త పెళ్లాం ఉన్నవాడు. విశాఖలో అయితే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసి బయటికొచ్చిన కుటుంబాలు. వాళ్లకి ఇంకో అరగంట ఎలా గడపాలో తెలియదు.

విశాఖ సముద్రం తూర్పున ఉంది కాబట్టి సాయంత్రం నాలుగు దాటితే ఎండ భవనాల వెనక్కి పోతుంది. నీడ మన మీద పడుతుంది, వెలుతురు మాత్రం ఇంకా రెండు గంటలుంటుంది. ఆ వెలుతురులో ముఖం మీద నీడలు మెత్తగా ఉంటాయి, గీయడం తేలిక. మీ ఊళ్లో సూర్యుడు ఎటు దిగుతాడో చూసుకుని చోటు ఎంచుకోండి. కుడిచేత్తో గీసేవాళ్లకి వెలుతురు ఎడమ నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడే బొమ్మ మీద పడుతుంది.

ఇక కూర్చునే తీరు. గిరాకీ వీపు గోడ వైపు గానీ సముద్రం వైపు గానీ ఉండాలి, జనం వైపు కాదు. వెనక ఎవరో ఉన్నారంటే ఏ మనిషీ కుదురుగా కూర్చోలేడు. మీ వీపు మాత్రం జనం వైపే ఉండాలి. అట్ట కాస్త నిలువుగా పెడితే మీ భుజం మీదుగా అందరికీ బొమ్మ కనబడుతుంది. నాకు మొదట్లో ఇది మహా టెన్షన్‌గా ఉండేది. ఎవరో మెడ మీద ఊపిరి వదులుతుంటే చెయ్యి వణికేది. రెండు నెలలకి అలవాటైపోయింది. ఇప్పుడు వెనక ఎవరూ లేకపోతేనే తోచదు.

ఫుట్‌పాత్ సన్నగా ఉన్నచోట మాత్రం కూర్చోకండి. మీ వెనక పదిమంది నిలబడితే నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగుతారు, హారన్లు మోగుతాయి, తర్వాత ఎవరొస్తారో చెప్పక్కర్లేదు. పక్కన మొక్కజొన్న పొత్తుల బండి, మురీ మిక్చరు బండి ఉంటే వాళ్లతో మంచిగా ఉండండి. వాళ్లు ఆ చోట పదేళ్ల నుంచి ఉంటారు. మొదటి రోజు వెళ్లి ‘ఇక్కడ కూర్చుంటే మీకేమైనా ఇబ్బందా అన్నా’ అని అడగండి. మీరు బాత్రూంకి వెళ్తే సామాను చూసేది వాళ్లే, వాన మొదలైతే టార్పాలిన్ కింద చోటిచ్చేదీ వాళ్లే. నేను పక్క బండి అక్క కూతురి బొమ్మ ప్రతి పుట్టినరోజుకీ ఉచితంగా వేసిస్తాను. అది పెట్టుబడి కిందే లెక్క.

నాలుగో మెట్టు: పర్మిషన్

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నేనూ మూడేళ్లు వదిలేశాను. ఒక ఆదివారం సాయంత్రం తనిఖీ బండి వచ్చి స్టాండు, స్టూళ్లు, రంగుల పెట్టె ఎక్కించుకుని పోయింది. లోపల సగం వేసిన ఒక ఆర్డరు బొమ్మ కూడా ఉంది. కాగితం ముక్క ఇవ్వలేదు, ఎక్కడికి తీసుకెళ్తున్నారో చెప్పలేదు. తిరిగి తెచ్చుకునేసరికి పదకొండు రోజులైంది, స్టాండు కాలు విరిగి ఉంది. అప్పుడు కూర్చుని చట్టం చదివాను.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సరుకు అమ్మేవాళ్లతో పాటు వీధిలో జనానికి సేవలు అందించేవాళ్లు కూడా దాని కింద వీధి వ్యాపారులే. చెప్పులు కుట్టే ఆయన ఎలాగో, ముఖం చూసి బొమ్మ వేసిచ్చే మనమూ అలాగే అని అడగొచ్చు. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి. చోట్లని మూడు రకాలుగా విడదీస్తారు. ఆంక్షలు లేనివి, ఆంక్షలున్నవి, అసలు వ్యాపారం చేయకూడనివి. మీరు కూర్చోవాలనుకున్న చోటు మూడో రకంలో ఉంటే ఎంత బాగున్నా వదిలేయండి.

గుర్తుంచుకోవాల్సినవి ఇవి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని అక్కడి నుంచి లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను పట్టుకుపోతే ఏమేం తీసుకున్నారో జాబితా ఇవ్వాలి. మనం వెళ్లి అడిగాక, పాడైపోని సరుకైతే రెండు పని దినాల్లో తిరిగివ్వాలి. సర్టిఫికెట్ లేకుండా కూర్చుంటే రెండు వేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఒక మెలిక కూడా ఉంది. సర్టిఫికెట్ కోసం నాకు ఇంకో జీవనాధారం లేదని రాసివ్వాలి. పొద్దున ఉద్యోగం, సాయంత్రం సరదాగా బొమ్మలు అనుకునేవాళ్లకి ఈ దారి పనికిరాదు. వాళ్లు ఎగ్జిబిషన్లు, మేళాల్లో స్టాలు తీసుకోవడం మేలు.

సర్టిఫికెట్ కోసం ఎక్కడ అడగాలంటే మున్సిపల్ ఆఫీసులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన మిషన్) విభాగం. ఒక్కసారి వెళ్తే పనవుతుందని అనుకోకండి. ‘ఆర్టిస్టులకి కాలమ్ లేదు’ అని నాకు చెప్పారు. చట్టంలో సేవలు అని ఉన్న పేజీ ప్రింటు తీసుకెళ్లి చూపించాను. నాలుగోసారికి పేరు రాసుకున్నారు. గొంతు పెంచితే పని జరగదు, కాగితం చూపిస్తే కాస్త జరుగుతుంది. బీట్ పోలీసుతోనూ అంతే. ‘సార్, దారికి అడ్డం లేకుండా ఇటు జరుగుతాను’ అని ముందే జరగండి. ఆయన బొమ్మ వేసివ్వడం గురించి చాలామంది అడుగుతారు. వేసివ్వొచ్చు, నేనూ వేశాను. ఒకసారి అలవాటైతే ఆయన పిల్లలవి, బావమరిదివి కూడా వేయాల్సి వస్తుందని తెలిసి వేయండి.

వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి అప్పు కూడా ఈ గుర్తింపు ఉంటేనే. 2020 జూన్‌లో మొదలైనప్పుడు మొదటి విడత పది వేలు. 2025లో మార్చాక మొదటిసారి 15,000, అది తీర్చాక 25,000, ఆ తర్వాత 50,000. సకాలంలో కడితే ఏడాదికి 7 శాతం లెక్కన వడ్డీ రాయితీగా వెనక్కొస్తుంది. స్టాండు, లైటు, ఫ్రేముల స్టాకు కొనడానికి పనికొస్తుంది.

ఐదో మెట్టు: బోణీ, ధర, బేరం

ఖాళీ స్టూలు పెట్టుకుని కూర్చుంటే రాత్రి తొమ్మిదైనా ఖాళీగానే ఉంటుంది. మొదటి మనిషిని మీరే తెచ్చుకోండి. తమ్ముడో, స్నేహితుడో, పక్క బండి కుర్రాడో, ఎవరినైనా కూర్చోబెట్టి వేయడం మొదలుపెట్టండి. అతని ముఖంలో ఏదో ఒక ప్రత్యేకత ఉంటే ఇంకా మంచిది. మీసాలు, గిరజాల జుట్టు, పెద్ద ముక్కు. పోలిక దూరం నుంచే తెలుస్తుంది. నాకు మూడేళ్లపాటు బోణీ మొహం ఒక టీ కుర్రాడు. వాడి బొమ్మలు మా ఇంట్లో కట్టలున్నాయి.

ధర బోర్డు మీద రాసి పెట్టండి. ‘మీకు తోచినంత ఇవ్వండి’ అని ఎప్పుడూ అనొద్దు. రోడ్డు మీద స్వామి బొమ్మకి అది నప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఇస్తున్నది దేవుడికి. మనిషి తన ముఖానికి తోచినంత అంటే ఇబ్బందిపడి అసలు కూర్చోడు. నా బోర్డు మీద ఇప్పుడు ఏ4 పెన్సిలు ఒక ముఖం 300, ఏ3 600, రంగుల కారికేచర్ (ముఖాన్ని సరదాగా సాగదీసి వేసే బొమ్మ) 500, జంట అయితే రెట్టింపుకి వంద తక్కువ. బేరం ఆడేవాళ్లకి ధర తగ్గించను, సైజు తగ్గిస్తాను. ‘రెండొందలకైతే పోస్టుకార్డు సైజులో వేస్తానండి’ అంటే సగంమంది పెద్దదే వేయమంటారు.

‘కాస్త తెల్లగా వేయండి’ అనే మాట రోజుకి రెండుసార్లైనా వినాలి. పెన్సిలు బొమ్మలో తెలుపు నలుపు మన చేతిలోనే ఉందనుకుని షేడింగ్ తగ్గించేస్తే పోలిక పోతుంది. చామనచాయ ముఖంలో అందమంతా చెంప ఎముక మీద పడే మెరుపులో ఉంటుంది. అది రబ్బరుతో గట్టిగా తీయండి, మిగతాది ఉన్నట్టే వేయండి. వాళ్లు చూసుకుని ఏమీ అనరు. ఒకసారి విజయనగరం వైపు నుంచి వచ్చిన ముసలమ్మ బొమ్మ పట్టుకుని చాలాసేపు చూసి ‘ఇదేటి బాబూ, నానేనా? మా యమ్మలాగుంది’ అంది. నేను కంగారుపడ్డాను. ఆవిడ మాత్రం డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేసింది.

ఒకవేళ బాగోలేదని నిజంగానే అంటే వాదించకండి. డబ్బులు తీసుకోకండి, బొమ్మ కూడా ఇవ్వకండి. ‘మరోసారి కూర్చోండి, ఉచితంగా వేస్తాను’ అనండి. పదిమంది వింటున్నప్పుడు ఆ మాట విలువ మూడొందలకంటే ఎక్కువ. ఆడపిల్లల్ని, చిన్నపిల్లల్ని వాళ్ల పెద్దవాళ్లు పక్కన లేకుండా కూర్చోబెట్టకండి. వేసిన బొమ్మతో వాళ్ల ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలంటే అడిగి పెట్టండి.

యూపీఐ స్కానరుతో పాటు మాట్లాడే డబ్బా కూడా తీసుకోండి. ‘మూడు వందల రూపాయలు అందాయి’ అని అది అరిచినప్పుడల్లా వెనకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అంతమంది ముందు ఎవరో డబ్బిచ్చారంటే అదొక భరోసా.

ఈ మధ్య కుర్రాళ్లు ఫోన్ చూపించి ‘అన్నా, ఇందులో ఫొటో పెడితే సెకన్లో స్కెచ్ వస్తోంది’ అంటున్నారు. వస్తోంది, బాగానే వస్తోంది. ‘కూర్చో తమ్ముడూ, పోల్చి చూద్దాం’ అంటాను. వాడు కూర్చుంటాడు, వాడి స్నేహితులు నలుగురూ నిలబడి వాడి చెవుల మీద, గడ్డం మీద జోకులు వేస్తారు. ఫోన్‌లో బొమ్మ వచ్చేటప్పుడు ఇలా ఎవరూ చుట్టూ చేరరు కదా.

ఆరో మెట్టు: అసలు డబ్బు వచ్చే చోటు

సాయంత్రం గిరాకీ రోజుకూలికి సరిపోతుంది. అద్దె, పిల్లల ఫీజులు కట్టేది ఆ గిరాకీ వెంటబెట్టుకొచ్చే ఆర్డర్లతోనే. అందుకే ప్రతి బొమ్మ వెనక పేరు, నంబరు, ‘ఫొటో చూసి పెద్ద బొమ్మ వేయబడును’ అన్న ముద్ర ఉండాలి. రబ్బరు స్టాంపు చేయించుకోండి.

ఆర్డర్లలో సగానికి పైగా పోయినవాళ్ల బొమ్మలు. మన ఇళ్లలో నాన్నో అమ్మో పోతే గోడ మీద దండ వేసిన పటం ఉండాలి. ఎప్పుడో పోయిన తండ్రిని పెళ్లి బొమ్మలో పెళ్లికూతురి పక్కన నిలబెట్టి వేయమంటారు. తెచ్చే ఫొటోలు మాత్రం ఎలా ఉంటాయో ముందే తెలుసుకోండి.

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి నలభై ఏళ్లాయన ఒకరు వచ్చారు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పాత రేషన్ కార్డు తీశారు. దాని మీద కుటుంబమంతా కలిసి దిగిన ఫొటో. అందులో వాళ్లమ్మ ముఖం నా చిటికెన వేలి గోరంత ఉంది, సగం మీద ఆఫీసు ముద్ర పడింది. ‘అమ్మది ఇదొక్కటే ఉందండి’ అన్నారు. ఇలాంటప్పుడు ఫొటోని పెద్దది చేసి చూస్తే చుక్కలు తప్ప ఏమీ కనబడవు. మనిషిని అడగాలి. అమ్మకి పళ్లు ఎత్తుగా ఉండేవా? కుంకుమ బొట్టా, స్టిక్కరా? జుట్టు పాపిడి మధ్యకా, పక్కకా? అన్నిటికీ చెప్పారు. ముక్కుపుడక ఎటువైపు అని అడిగితే ఆగిపోయారు. కుడి అన్నారు, కాదు ఎడమ అన్నారు. చెల్లెలికి ఫోన్ చేశారు. స్పీకర్లోంచి ఆవిడ గొంతు, ‘రెండేపులా ఉండేవి కదన్నయ్యా, ఎడమది నా పెళ్లికి అమ్మేసింది’ అంది. ఆయన ఫోన్ పెట్టేసి కాసేపు సముద్రం వైపు చూశారు. కుడివైపే వేయమన్నారు.

గడ్డం, దవడ కోసం ఆ చెల్లెలి ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరిది అమ్మ పోలికో ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. కనబడని చోట వాళ్ల ముఖం అరువు తెచ్చుకోవడమే. మూడు రోజులు పట్టింది. ఏ3 సైజు, 1,500 రూపాయలు. తీసుకోవడానికొచ్చినప్పుడు ‘అమ్మ ఎప్పుడూ ఇంత తీరిగ్గా కూర్చోలేదండి’ అన్నారు. ఆ ఊరి నుంచి తర్వాత ఇంకో నాలుగు ఫొటోలు వచ్చాయి.

ఆర్డరుకి సగం అడ్వాన్సు తప్పనిసరి. పూర్తయ్యేముందు పెన్సిలు గీత దశలోనే ఫొటో తీసి పంపి ఒప్పుకోలు తీసుకోండి. ఫ్రేము మీరే కట్టించి ఇస్తే అందులోనూ రెండొందలు మిగులుతుంది.

పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కంపెనీల ఫంక్షన్లకి వచ్చే అతిథులకి బొమ్మలు వేసే పని ఈమధ్య పెరిగింది. ఇక్కడ బొమ్మకింత అని ఒప్పుకోకండి, గంటకింత అనండి. లేకపోతే భోజనాల టైములో గంటన్నర ఊరికే కూర్చోవాలి. మూడు గంటలు కనీసం, రానుపోను ఖర్చు విడిగా.

గోడల పని వేరే ప్రపంచం. ఇంటి గోడ, స్కూలు గోడ, కేఫ్ గోడ అయితే చదరపు అడుగుకింత అని మాట్లాడుకోవాలి. రంగులు ఎవరివో, నిచ్చెనలూ పరంజా ఎవరివో ముందే కాగితం మీద రాసుకోండి. సున్నం వేసిన పాత గోడ మీద నేరుగా రంగు వేస్తే మొదటి వానకే పొక్కులొస్తుంది. గీకించి, ప్రైమర్ కొట్టించి, బయటి గోడలకి వాడే ఎమల్షన్ వేయాలి. ఊళ్ల శుభ్రతకి ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ సీజన్లో మున్సిపాలిటీలు ఫ్లైఓవర్ స్తంభాలకి, ప్రహరీలకి బొమ్మలు వేయిస్తాయి. పని ఎక్కువ, రేటు తక్కువ. మధ్యలో కాంట్రాక్టరు ఉంటే డబ్బు చేతికొచ్చేసరికి ఆరు నెలలు. నేను ఒకసారి వేశాను, మళ్లీ వెళ్లలేదు. కుర్రాళ్లకి చెయ్యి తిరగడానికి మాత్రం మంచి బడి. హైదరాబాద్ ఖైరతాబాద్‌లోని మక్తా బస్తీలో బొమ్మలేసిన గోడలు ఒక్కసారి నడిచి చూసి రండి, గోడ మీద సైజు ఎలా ఆలోచించాలో అర్థమవుతుంది. ఎవరినీ అడక్కుండా ప్రభుత్వ గోడ మీద వేస్తే మాత్రం అది నేరం. బహిరంగ స్థలాలను పాడుచేయకూడదని 1997లోనే చట్టం వచ్చింది.

మేళాలు కూడా క్యాలెండర్లో రాసుకోండి. హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్ జనవరి ఒకటిన మొదలై నెలన్నర సాగుతుంది. బెంగళూరులో చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో చిత్ర సంతె పెడుతుంది, కుమారకృపా రోడ్డు పొడుగునా ఆర్టిస్టులే. స్టాలు అద్దె కట్టేముందు ఒక లెక్క వేసుకోండి. అద్దె, బస, ప్రయాణం కలిపి ఎన్ని ముఖాలు వేస్తే తిరిగొస్తుంది? రోజుకి పన్నెండు దాటితే మీ నడుము ఒప్పుకోదు.

ఏడో మెట్టు: ఏడాది లెక్క

బాగున్న నెల, అంటే డిసెంబరు. బెంగాల్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి టూరిస్టులు దిగుతారు. మామూలు రోజులు పన్నెండు, రోజుకి మూడు ముఖాలు. శని ఆదివారాలు ఎనిమిది, రోజుకి ఎనిమిది ముఖాలు. మొత్తం వంద, 30,000 రూపాయలు. ఫొటో ఆర్డర్లు ఆరు, 9,000. కాగితాలు, పెట్రోలు, టీలు, లైటు రిపేరు తీసేస్తే 35,000 చేతికి.

ఇప్పుడు జులై. వాన లేని సాయంత్రాలు ఏడు దొరికితే గొప్ప. ఇరవై ముఖాలు, 6,000. ఆర్డర్లు రెండు. మే నెలలో చెమట అట్ట మీద పడుతుంటుంది, గిరాకీ కూర్చోడు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీచ్ రోడ్డే మిగల్లేదు, నేను రెండు నెలలు గోడలకి సున్నం కొట్టి బతికాను. అందుకే డిసెంబరు 35,000 చూసి బైకు ఈఎంఐ పెట్టుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చిన దాంట్లో మూడో వంతు వేరే ఖాతాలో వేయండి, జూన్ దాకా తీయకండి. వానాకాలంలో నేను పిల్లలకి డ్రాయింగ్ క్లాసులు చెబుతాను. నెలకి ఒక్కొక్కరికి 600, పదిహేను మంది. అది లేకపోతే ఆ నాలుగు నెలలు అప్పులే.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ మూడే మాటలు రాయండి: ఎన్ని ముఖాలు, ఎంత డబ్బు, ఎంతమంది ఆగి చూసి వెళ్లిపోయారు. మూడోది ఉజ్జాయింపుగానే. ఆగినవాళ్లు ఎక్కువుండి కూర్చున్నవాళ్లు తక్కువుంటే తప్పు ధరలోనో, మీ మాటలోనో ఉంది. అసలు ఎవరూ ఆగకపోతే చోటు తప్పు, లేదా కళ్లు ఆలస్యంగా వేస్తున్నారు.

నడుము కోసం గంటకోసారి లేచి నిలబడండి. నీళ్లు తక్కువ తాగితే బాత్రూం బాధ ఉండదని మొదట్లో నేను మానేశాను. నలభై ఏళ్లకే కిడ్నీలో రాయి వచ్చింది. దగ్గర్లో డబ్బులిచ్చి వెళ్లే సులభ్ ఎక్కడుందో మొదటి రోజే చూసుకోండి.

ఆరు నెలలు ఇలా చేశాక పుస్తకం తీసి కూడండి. బాగున్న నెలల్లో కూడా ఇరవై వేలు దాటకపోతే సాయంత్రాలు వారానికి రెండుకి తగ్గించి, ఆర్డర్లు, క్లాసుల వైపు జరగండి. అప్పుడు కూడా శనివారం సాయంత్రం స్టాండు మాత్రం తీయకండి. ఆర్డర్లు వచ్చేది అక్కడి నుంచే.